లింబయ్య తొమ్మిది నిమిషాలు

ఎడపల్లి చుట్టుపక్కల ఊళ్లలో సూర్యుడు తూర్పున పొడిచేవాడు గానీ, టైము మాత్రం చక్కెర ఫ్యాక్టరీ సైరన్‌లోంచి పొడిచేది. ఆ సైరన్ స్విచ్చు మీద వేలు పెట్టే హక్కు భూమ్మీద ఒక్కడికే ఉండేది. ఆయనే మా తాత లింబయ్య. ఫ్యాక్టరీ టైం ఆఫీసులో గుమాస్తా. మనిషి అయిదడుగుల రెండంగుళాలు. ఆ రెండంగుళాలూ సైరన్ వల్లనే వచ్చాయని మా నాయనమ్మ ఈరవ్వ అనేది.

పొద్దున ఎనిమిదింటి కూతకు ఆయన ఏడున్నరకే స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, పెళ్లికి పోతున్నట్టు పోయేవాడు. గోడ గడియారం ముందు నిలబడి, చూపుడువేలు స్విచ్చు మీద పెట్టి, ఊపిరి బిగబట్టేవాడు. కూత మొదలైతే చాలు, మూడు ఊళ్లు కదిలేవి. ఈరవ్వ పొయ్యి మీది పప్పు దించేది. బడిపంతులు గంట కొట్టించేవాడు. పిల్ల పుడితే మంత్రసాని మొదట అడిగే మాట, "సైరన్‌కు ముంగటనా, ఎనుకనా?" అయ్యగారు లగ్గాలకు ముహూర్తం పెడితే తాళి పట్టుకున్న పెళ్లికొడుకు చెవి కూడా ఫ్యాక్టరీ వైపే ఉండేది.

ఇంత గొప్ప టైము లింబయ్యకు ఎక్కడి నుంచి వచ్చేదంటే, సైకిల్ మీద వచ్చేది.

పందొమ్మిది వందల ఎనభైలో అప్పటి మేనేజరు ఒక హుకుం వేశాడు: ప్రతి సోమవారం రైల్వే స్టేషన్ గడియారం చూసి ఫ్యాక్టరీ గడియారం సరిచేయాలి. ప్యూన్ పోశయ్య సైకిల్ తొక్కుకుంటూ స్టేషన్‌కు పోయేవాడు. స్టేషన్ మాస్టరు చీటీ మీద టైము రాసిచ్చేవాడు. పోశయ్య ఆ చీటీని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగొచ్చేవాడు. ఇంకొకడైతే చీటీలో ఉన్నది ఉన్నట్టు గడియారంలో పెట్టి ఊరుకునేవాడు. లింబయ్య ఏడో తరగతి దాకా చదివిన మనిషి. ఆయన ఆలోచించాడు. "చీటీ రాసినప్పటి టైము, చీటీ నా చేతికి అచ్చేసరికి సద్దిబువ్వ అయితది గద!" అన్నాడు. అందుకని పోశయ్య పోయి రావడానికి ఎంత పట్టిందో గోడ గడియారంలో చూశాడు. పద్దెనిమిది నిమిషాలు. చీటీలోని టైముకు ఆ పద్దెనిమిదీ కలిపి ముల్లు తిప్పాడు. సద్దిబువ్వకు తాలింపు పెట్టినట్టు.

ఆ లెక్కలో ఏదో తేడా ఉందని మీకు ఇప్పటికే అనిపించి ఉంటే, మీరు లింబయ్యకంటే ఇరవై రెండేళ్లు ముందున్నట్టు.

ఇన్నేళ్లూ ఎవరూ పట్టుకోలేదా అంటే, పట్టుకున్నారు. కానీ పట్టుకున్నవాళ్లే దొరికిపోయేవాళ్లు. రేడియోలో టైము చెప్పేటప్పుడు సైరన్‌కు కలవడం లేదని ఒకాయన అన్నాడు. "రేడియో ఢిల్లీ నుంచి మాట్లాడుతది. గంత దూరంకెళ్లి మాట నడిచి రావద్దా?" అన్నాడు లింబయ్య. ఆయన సిగ్గుపడి పోయాడు. దుబాయి నుంచి వచ్చినవాళ్లు చేతికి బంగారు రంగు గడియారాలు పెట్టుకుని వచ్చేవారు. వారం తిరక్కుండానే వాటిని సైరన్‌కు సరిచేసుకుని, దుబాయి గడియారాలు బద్ధకస్తులని చెప్పుకునేవారు. ఫ్యాక్టరీలో ఎవరికీ నష్టం లేదు. షిఫ్టు ముందే మొదలయ్యేది, ముందే అయిపోయేది.

నష్టపోయింది ఒకే ఒక్కడు. బోధన్ నుంచి నిజామాబాద్ పోయే పొద్దుటి బస్సు డ్రైవర్ రామ్‌దాస్.

ఆ బస్సు ఫ్యాక్టరీ స్టేజీకి ఎనిమిదింబావుకు రావాలి. అంటే సైరన్ కూసిన పావుగంటకు. కానీ సైరన్ కూసిన ఇరవై నాలుగు నిమిషాలకు గానీ వచ్చేది కాదు. పదకొండేళ్లుగా ఆ రూటులో నడుపుతున్నాడు, పదకొండేళ్లుగా తిట్లు తింటున్నాడు. ఆయన పేరే 'లేటు రామ్‌దాస్' అయిపోయింది. చుట్టిన బీడీలు గంపలో పెట్టుకుని నిజామాబాద్ కంపెనీకి రోజూ పోయే తారాబాయి అయితే, బస్సెక్కుతూ ఒక తిట్టు, టికెట్ తీసుకుంటూ ఒక తిట్టు, దిగుతూ ఒకటి.

"ఏం రామ్‌దాసూ, పెండ్లాం లేపలేదా?"

"నా గడియారం సూడక్కా. ఎనిమిదింబావే అయింది."

"నీ గడియారానికి గడ్డం మొలిచింది తియ్. లింబయ్యన్న సైరన్ కంటే ఎక్కువనా?"

తిడుతూనే ఆ తొమ్మిది నిమిషాలు అందరూ వాడుకునేవారు. స్టేజీ దగ్గరి హోటల్లో చాయ్, చాయ్ తర్వాత బీడీ, బీడీ తర్వాత ఎవరింట్లో ఏమైందో ఒక దఫా.

ఇట్లా అంతా సవ్యంగా జరిగిపోతుండగా రెండు వేల రెండులో ఫ్యాక్టరీకి కంప్యూటర్లు వచ్చాయి. చెరుకు బండ్లు లోపలికి వచ్చే రెండు గేట్ల దగ్గరా కాంటా పక్కన ఒక్కొక్కటి పెట్టారు. బండి రాగానే టోకెన్ వచ్చేది, టోకెన్ మీద టైము ఉండేది. ఎవరి టైము ముందో వాళ్ల చెరుకు ముందు క్రషింగ్‌కు పోతుంది. లింబయ్య గడియారం చూసే రెండు కంప్యూటర్లలోనూ టైము పెట్టారు. అయితే రెండో గేటు కంప్యూటర్‌కు ఏం రోగమో, వారం తిరిగేసరికి అయిదు నిమిషాలు వెనకబడేది. వెనకబడితే ఏమవుతుంది? ఆ గేటులో ఆలస్యంగా వచ్చినవాడి టోకెన్ మీద కూడా ముందు టైము పడుతుంది. ఎండలో బండి మీద గంటలు గంటలు కూర్చునేవాడికి అయిదు నిమిషాలంటే పది బండ్లు.

"మీ గేటుల టైము ఎట్ల ఆగుతదయ్యా? చెరుకురసం తాపుతున్నరా దానికి?" అని మొదటి గేటు దగ్గర బండి ఆపుకున్న రైతు హన్మాండ్లు అరిచాడు.

"మా టైము మేము చూసుకుంటాం, నువ్వు నీ ఎద్దుల్ని చూసుకో అబ్బాయ్!" అని రెండో గేటు నుంచి చెంచురామయ్య జవాబిచ్చాడు. ఆయన కాలువ కింద భూమి కొనుక్కుని కోస్తా నుంచి వచ్చిన రైతు. మాటలు ముదిరి చెరుకుగడలు లేచాయి. ఎవరికీ తగల్లేదు గానీ రెండు గడలు ఎద్దులు తిన్నాయి.

మేనేజరు తల పట్టుకుని కంప్యూటర్లు చూసే ఒక అమ్మాయిని పనిలో పెట్టుకున్నాడు. పేరు శివపార్వతి. బోధన్ నుంచి స్కూటీ మీద వచ్చేది. కోస్తా మాట, గలగల నవ్వు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే తన చేతి గడియారం వెనకబడిందనుకుని సైరన్‌కు సరిచేసుకుంది. దాంతో లింబయ్యకు ఆ పిల్ల చాలా తెలివిగలదనిపించింది.

ఒకరోజు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక లింబయ్య ఆమె గదిలోకి తొంగి చూశాడు.

"ఏం బిడ్డా, గీ గేటు లొల్లి ఎట్ల ఒడగొడుతవ్?"

"పది రోజుల్లో ఆఫీసుకు ఇంటర్నెట్ లైను వస్తుందండి. అప్పటిదాకా నేనే రోజూ మీ సైరన్ విని రెండు కంప్యూటర్లూ సరిచేస్తాను. లైను వచ్చాక ఆఫీసు కంప్యూటరే బయట ఉన్న టైం సర్వరును అడుగుతుంది. గేటు కంప్యూటర్లు ఆఫీసు కంప్యూటర్‌ను అడుగుతాయి. ఇక అందరికీ ఒకటే టైము."

"సర్వర్ అంటే?"

"అడిగినవాళ్లకు టైము చెప్పడమే పనిగా ఉన్న కంప్యూటరండి."

లింబయ్య ఛాతీ కాస్త ముందుకొచ్చింది. "అంటే నా అసొంటిది."

"అచ్చం మీలాంటిదే. కాకపోతే ఒక్కదాన్నే నమ్మం. నాలుగింటిని అడుగుతాం. మూడు ఒక మాట చెప్పి ఒకటి వేరే చెబితే, ఆ ఒక్కదాన్ని పక్కన పెట్టేస్తాం."

"పంచాయితీ లెక్క. మంచిగనే ఉన్నది." లింబయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇప్పుడు తన జీవితకాలపు ప్రశ్న బయటికి తీశాడు. "అయితే బిడ్డా, గంత దూరంకెళ్లి తీగల నడిచి అచ్చేసరికి ఆ టైము పాతదైపోతది గద?"

పార్వతి కళ్లు పెద్దవయ్యాయి. "అబ్బ! నన్ను ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి మీరేనండి. మా కాలేజీలో కూడా ఎవరూ అడగలేదు."

లింబయ్యకు ఒళ్లంతా చక్కెర పాకం అయింది. "గందుకే పోయి అచ్చేదానికి ఎంత వట్టిందో సూసి అదంత కలపాలె. అంతేనా?"

"అంతా కాదండి, సగం."

"ఏందీ?"

"సగం. అడగడానికి పోయేటప్పుడు సర్వరు ఇంకా టైము చెప్పనే లేదు కదండి. చెప్పాక తిరిగొచ్చినంత మాత్రమే పాతబడుతుంది. పోయి రావడానికి పట్టిన దాంట్లో సగం కలిపితే చాలు. అంతా కలిపితే గడియారం ముందుకు ఉరికిపోదూ?"

లింబయ్య కళ్ల ముందు పోశయ్య సైకిల్ మీద పోతున్నాడు, పోతున్నాడు, పోతున్నాడు. ఉత్త జేబుతో పోతున్నాడు. చీటీ లేదు! పోయేటప్పుడు చీటీ ఎక్కడిది? పద్దెనిమిదిలో సగం తొమ్మిది. ఇరవై రెండేళ్లు. ఎన్ని లగ్గాలు, ఎంతమంది పిల్లలు, ఎన్ని పప్పులు!

"నీళ్లు తాగుతారా?" అంది పార్వతి.

"ఒద్దు బిడ్డా." ఎటో చూస్తూ అడిగాడు. "ఊకెనే అడుగుతున్న. ఒక కంప్యూటర్ ముంగటికి ఉరికిందనుకో. టక్కున ఎనుకకు గుంజుతరా?"

"కొద్ది తేడా అయితే గుంజమండి. ఎనిమిదీ పదికి ఒక టోకెన్ ఇచ్చాక గడియారాన్ని వెనక్కి తిప్పితే మళ్లీ ఎనిమిదీ పది వస్తుంది. అప్పుడు రెండు బండ్లకు ఒకే టైము. మళ్లీ కొట్లాట. అందుకని కొంచెం కొంచెంగా మెల్లగా నడిపిస్తాం. ఎవరికీ తెలియకుండా సరైపోతుంది."

ఎవరికీ తెలియకుండా! ఆ మాట ఒక్కటే లింబయ్య చెవిలో సైరన్‌లా మోగింది. మూడు నెలల్లో రిటైర్మెంటు. శాలువా కప్పుతారు, మైకులో 'లింబయ్య టైమంటే టైము' అంటారు. పది రోజుల్లో ఆ ఇంటర్నెట్ వచ్చి తొమ్మిది నిమిషాల బండారం బయటపెడితే, శాలువా కాదు గదా తువ్వాల కూడా కప్పరు. మైకులో ఏమంటారో తలుచుకుంటేనే చెమట పట్టింది.

మర్నాటి నుంచి లింబయ్య సైరన్ రోజుకు ఒక నిమిషం వెనక్కి జరిగింది.

మొదటిరోజు ఆకాశం విరిగి పడలేదు. రెండోరోజూ పడలేదు. మూడోరోజు ఈరవ్వ గిన్నె పట్టుకొచ్చి ముక్కు ముందు పెట్టింది.

"ఏందయ్యా, పప్పు అడుగంటుతుంది. నీ సైరన్ గిట్ల నిద్రవోతుందా?"

"కొత్త పప్పే గది. జెల్ది ఉడుకుతది."

"పప్పు పాతదే. నువ్వే ఎందుకో కొత్తగ కనవడుతున్నవ్."

నాలుగో రోజు స్టేజీ హోటల్లో చాయ్ సగం గ్లాసు దగ్గర ఉండగానే బస్సు హారన్ వినిపించింది. అయిదో రోజు బీడీ అంటించిన వాళ్లు ఆర్పాల్సి వచ్చింది. ఆరో రోజు చాయ్ సాసర్లో పోసుకుని, నాలుక కాల్చుకుని పరుగెత్తారు. ఏడో రోజు తారాబాయి నెత్తి మీద బీడీల గంపతో బస్సు వెనక ఉరికింది. గంప నిలిచింది గానీ బస్సు నిలవలేదు. ఎనిమిదో రోజు పదకొండు మందికి బస్సు తప్పింది. హోటలాయన మాత్రం అడగకుండానే అందరి ముందూ గ్లాసులు పెట్టాడు. శివపార్వతి అయితే రోజూ ఒక నిమిషం ముందుకు ఉరుకుతున్నాయని తన చేతి గడియారాన్నీ గేటు కంప్యూటర్లనూ తిట్టుకుంటూ సైరన్‌కు సరిచేసింది. లింబయ్య ఇవన్నీ టైం ఆఫీసు కిటికీలోంచి చూస్తూ, వలలో పడ్డ పిట్టలా గింజుకుంటూ, తొమ్మిదో నిమిషం కూడా జరిపేశాడు.

పదో రోజు ఇంటర్నెట్ లైను వచ్చింది. శివపార్వతి ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుంది. పక్కన మేనేజరు, గుమ్మం దగ్గర పోశయ్య. కంప్యూటర్ నాలుగు సర్వర్లను అడిగింది, పోయి రావడంలో సగం లెక్కగట్టింది, టైము పెట్టుకుంది. ఎనిమిది అయింది. సరిగ్గా అదే క్షణం సైరన్ కూసింది.

పార్వతి కుర్చీలోంచి ఎగిరింది. "సార్! సెకను కూడా తేడా లేదు! ప్రపంచమంతా కలిసి చెప్పిన టైము, మన లింబయ్యగారి టైము ఒక్కటే!"

మేనేజరు లింబయ్యను పిలిపించి చేయి పట్టుకుని ఊపాడు. "ఏమయ్యా, నిన్ను రిటైర్ చేయాలా, గోడకు తగిలించాలా?" పోశయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇందులో తన సైకిల్‌కు కూడా వాటా ఉందని అతనికి తెలుసు. లింబయ్య నవ్వాడు. ఆ నవ్వు ముఖం మీద మేకు కొట్టి నిలబెట్టినట్టుంది.

ఆ నవ్వు ఇంకా దిగకముందే తారాబాయి లోపలికి వచ్చింది. వెనక మొన్న బస్సు తప్పినవాళ్లు పదిమంది. చేతిలో దరఖాస్తు.

"సారూ, గీ కాయితం మీద మీ ముద్ర గావాలె. లేటు రామ్‌దాస్ మీద డిపోల ఇస్తున్నం."

"ఏం చేశాడమ్మా?"

"పదకొండేండ్లు రోజుకు తొమ్మిది నిమిషాలు లేటు అచ్చిండు సారూ. ఇప్పుడు కంప్యూటర్ అస్తుందని ఎట్లనో ఎరికైంది, భయానికి టైంకు అస్తుండు! ఒక్క మాట జెప్పొద్దా? మా పనులన్ని ఆగమైనయి. అంటే ఇన్నేండ్లు కావాలనే లేటు జేసినట్టే గద?"

మేనేజరు కాగితం చదివాడు. 'ఫ్యాక్టరీ సైరన్ ఇరవై రెండేళ్లుగా సరైన టైముకే మోగుతున్నదని ధృవీకరిస్తున్నాము' అని కింద రాసి ఉంది. లింబయ్య సంతకానికి జాగా కూడా వదిలారు.

"ఇంకేం, కంప్యూటరే సాక్ష్యం చెప్పింది కదా," అన్నాడు మేనేజరు. "ముందు నువ్వు సంతకం పెట్టు లింబయ్యా, ఆపైన నేను ముద్ర వేస్తాను. ఇది డిపోకు పోతే అతని ఉద్యోగానికి ఎసరొస్తుందేమో గానీ, టైమంటే టైమే."

పెన్ను లింబయ్య చేతిలోకి వచ్చింది. ఒక్క సంతకం. పెడితే శాలువా, మైకు, 'లింబయ్య టైమంటే టైము'. పెడితే రామ్‌దాస్ ఇంట్లో పొయ్యి మీద పప్పు ఉండదు. లింబయ్య పెన్ను మూత తీశాడు, పెట్టాడు, తీశాడు. పదిమందీ ఊపిరి బిగబట్టారు, స్విచ్చు మీద వేలు పెట్టినప్పుడు ఆయన బిగబట్టినట్టు.

"బస్సు సక్కగనే ఉండె," అన్నాడు ఆఖరికి. "పదకొండేండ్లు సక్కగనే ఉండె. నేనే తప్పు."

"ఏందన్నా?" అంది తారాబాయి.

"నా సైరనే తొమ్మిది నిమిషాలు ముంగట కూసింది. ఎనభయ్యిల సంది."

లింబయ్య కాగితం వెనక్కి తిప్పి, స్టేషన్ గీసి, ఫ్యాక్టరీ గీసి, మధ్యలో పోశయ్యను గీసి అంతా చెప్పాడు. ఈ తొమ్మిది రోజులూ తానే రోజుకో నిమిషం దొంగతనంగా జరిపానని కూడా చెప్పాడు. అందరూ పోశయ్య వైపు తిరిగారు.

"నన్నేంది సూస్తరు?" అని పోశయ్య గోడకు అతుక్కున్నాడు. "నేను తొక్కిన. లెక్క నాది గాదు!"

మొదట నవ్వింది శివపార్వతి. ఆపుకోవాలని చూసింది, చున్నీ నోట్లో కుక్కుకుంది, లాభం లేకపోయింది. కుర్చీతో సహా ఊగిపోయింది. "రోజుకో నిమిషమా! కంప్యూటర్లు చేసేదే కదండీ మీరూ చేశారు!" ఆమె తర్వాత తారాబాయికి పొలమారింది. ఆ తర్వాత ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో చెప్పలేం. కాంటా దగ్గరి నుంచి హన్మాండ్లు, చెంచురామయ్య కూడా ఏమైందోనని పరుగెత్తి వచ్చారు. సంగతి విని హన్మాండ్లు నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు.

"అంటే నా లగ్గం రాహుకాలంల అయిందా?"

"అయ్యే ఉంటుంది," అన్నాడు చెంచురామయ్య. "మీ ఆవిడ నోరు విన్నప్పుడల్లా నాకు అనుమానంగానే ఉండేది."

మేనేజరు ఒక్కడే నవ్వకుండా ఉండాలని ప్రయత్నించాడు. "ఇరవై రెండేళ్లు షిఫ్టులన్నీ ముందే మొదలయ్యాయంటావా?"

"ముంగటనే మొదలైనయి, ముంగటనే ఒడిసినయి సార్. ఒక్క నిమిషం ఎక్కువ లేదు, తక్కువ లేదు."

"మరి రిజిస్టర్లో ఏం రాయమంటావయ్యా?"

"ఇవాళ్టి నుంచి సరిగ్గా ఉందని రాయండి సార్. అది నిజమే కదా," అంది పార్వతి కళ్లు తుడుచుకుంటూ. మేనేజరు అదే రాశాడు. రాస్తుంటే నవ్వుకు అక్షరాలు వంకర పోయాయి.

సాయంత్రానికల్లా కబురు బోధన్ దాకా పాకింది. ఇంటికి పోతే ఈరవ్వ గుమ్మంలోనే నిలబడి ఉంది. "అడుగంటిన పప్పు ఉన్నది. గదే తిను," అంది. తిన్నాడు. తింటుంటే పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది కూడా.

మర్నాడు లింబయ్య కంప్యూటర్ చూసి, ఎనిమిదికి సైరన్ వేసి, చాయ్ కోసం దొంగలా గేటు దాటుతుండగా బస్సు స్టేజీలో ఆగింది. ఎనిమిదింబావు. అందరూ ఎక్కారు. బస్సు కదల్లేదు. రామ్‌దాస్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"కాకా, ఎక్కు."

"నేనెందుకు రామ్‌దాసూ? నాకు డ్యూటీ ఉన్నది."

"మీ మేనేజర్‌ను అడిగిన. పొమ్మన్నడు. పదకొండేండ్లు స్టేజీ స్టేజీకి తిట్లు తిన్న కాకా. గిప్పుడు స్టేజీ స్టేజీకి నువ్వు జెప్పాలె. అప్పటిదాంక బండి కదలదు."

"ఎక్కన్నా, మాకు లేటైతుంది!" అని లోపలి నుంచి తారాబాయి అరిచింది.

లింబయ్య ఎక్కాడు. ఎడపల్లి స్టేజీలో ఫుట్‌బోర్డు మీద నిలబడి, తల వంచుకుని, "రామ్‌దాస్ ఎన్నడు లేటు రాలే. తప్పు నాది," అని గొణిగాడు. ఎవరికీ వినపడలేదు. "గట్టిగ!" అన్నాడు రామ్‌దాస్. మళ్లీ చెప్పాడు. జనం నవ్వారు. కానీ ఆ నవ్వు ఆయన అనుకున్నట్టు గుచ్చుకోలేదు. జానకంపేటలో తల ఎత్తి చెప్పాడు. ఒకాయన "ఎట్ల తప్పింది?" అని అడిగితే పోశయ్య సైకిల్ సంగతి మొదలుపెట్టాడు. రైలుగేటు దగ్గర స్టేషన్ మాస్టరు గొంతును కూడా అనుకరించాడు. సారంగాపూర్‌కు వచ్చేసరికి సర్వర్లు పంచాయితీకి కూర్చున్నాయి, రెండో గేటు కంప్యూటర్ చెరుకురసం తాగింది, హన్మాండ్లు లగ్గం రాహుకాలంలో పడింది. దిగాల్సినవాళ్లు దిగకుండా వింటున్నారు. ఎక్కాల్సినవాళ్లు ఎక్కడానికి సందు లేక కిటికీలు పట్టుకుని వింటున్నారు.

"కాకా, ఇగ సాలు, కూసో," అన్నాడు రామ్‌దాస్.

"ఆగు, సగం లెక్క ఇంక జెప్పలే!"

నిజామాబాద్ బస్టాండులో కంట్రోలర్ చేతి గడియారం చూసుకుంటూ ఎదురొచ్చాడు.

"ఏంది రామ్‌దాసూ? పదకొండేండ్లల ఎన్నడు లేనిది, ఇరవై నిమిషాలు లేటు!"

రామ్‌దాస్ గడ్డంతో ఫుట్‌బోర్డు వైపు చూపించాడు. లింబయ్య అప్పటికే కిందికి దిగి పల్లీలమ్మే ఆయన భుజం మీద చేయి వేసి, ఆయన తక్కెడలో రెండు పల్లీకాయలు పెట్టి, "ఇగో, ఇది స్టేషన్ అనుకో, ఇది ఫ్యాక్టరీ అనుకో," అని మొదలుపెట్టాడు.